వట్టి నారి లాగకండి

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ గారికి, పాడేరు ఐ.టి.డి.ఎ. ప్రాజెక్టు అధికారి గారికి, ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ పెద్దలకు,



ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తుంది. పాడేరులో జరిగినా, అరకులోయలో జరిగినా సభ తీరు ఒకటే. డప్పులు, థింసా నృత్యం, తలపాగా, ఆ తరువాత అతిథి చేతికి విల్లు. అతిథి ఏ పార్టీ మనిషైనా చేసే పని కూడా ఒకటే. అమ్ము లేకుండా వట్టి నారిని చెవిదాకా లాగి, కెమెరాల వైపు తిరిగి, ఫోటోలు అయ్యేదాకా నవ్వుతూ నిలబడతారు. ఆనక టప్పున వదిలేస్తారు. విల్లు తెలిసినవాడు ఈ రెండు పనులూ చేయడు. నారి లాగినప్పుడు బద్దలోకి ఎక్కిన బలం అమ్ముతో పాటు బయటికి పోవాలి. అమ్ము లేకపోతే ఆ దెబ్బంతా తిరిగి బద్దకే తగులుతుంది. నాలుగుసార్లు అలా చేస్తే సన్నటి పగులు తీస్తుంది, అయిదోసారి విరిగినా విరుగుతుంది. నిండుగా లాగి నిలబెట్టినా నష్టమే. వెదురైనా కర్రైనా ఆ వంపుకి అలవాటుపడి చేవ తగ్గిపోతుంది. ఇదే అతిథి చేతికి తుపాకీ ఇచ్చి చూడండి, పక్కనున్న కానిస్టేబులు ‘సార్, అలా పట్టుకోకండి’ అంటాడు. వీణ ఇస్తే వాయించేవాళ్లు గుండె పట్టుకుంటారు. విల్లు దగ్గర మాత్రం ఎవరూ నోరు మెదపరు. ఆ వేదిక మీద అది ఆయుధమూ కాదు, పనిముట్టూ కాదు, దాని వెనక నేర్చుకోవలసిన విద్య ఒకటి ఉందన్న ఊహ కూడా ఎవరికీ రాదు. అది ‘మన గిరిజన సంప్రదాయం’. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

ఒక యుద్ధవిద్యని సంప్రదాయమని పిలిచినప్పుడు మనం దాని వయసు చెబుతున్నామని అనుకుంటాం. చాలాసార్లు చెబుతున్నది మన దృష్టిలో దాని స్థాయిని. తెలుగులో ఈ గడుసుతనమంతా దాచుకున్న మాట ‘నాటు’. నాటుకోడి అంటే ధర పెరుగుతుంది, నాటువైద్యం అంటే నమ్మకం తగ్గుతుంది, నాటుతుపాకీ అంటే కేసు పడుతుంది. మూడింటిలోనూ అర్థం ‘ఇక్కడిది’ అనే. విలువ మాత్రం పిలిచేవాడి అవసరాన్ని బట్టి మారింది. (2022లో రాజు, భీముల పేరు మీద వచ్చిన సినిమాలో ‘నాటు నాటు’ పాట మరుసటి ఏడాది ఆస్కారు తెచ్చాక ఆ మాట కొన్నాళ్లు కాలరెత్తుకు తిరిగింది. కొండ విల్లుకి ఆ వైభవంలో వాటా రాలేదు.) ‘సంప్రదాయం’ సంస్కృతం కాబట్టి మర్యాదగా వినిపిస్తుంది. పని మాత్రం ఒక్కోసారి ‘నాటు’ చేసేదే చేస్తుంది. ఆ పదం లోపల ఉన్న ధాతువు ‘దా’, అంటే ఇవ్వడం. ఒకరు చక్కగా అందించడం, ఇంకొకరు అందుకోవడం. ఆ అర్థంలో చూస్తే సంప్రదాయమన్న మాట మనల్ని వయసు అడగదు. ఇచ్చేవాళ్లు ఎవరు, పుచ్చుకునేవాళ్లు ఎవరు, చేతులు మారేటప్పుడు ఏది ఉంచాలో ఏది మార్చాలో తేల్చేది ఎవరు అని అడుగుతుంది. ఈ మూడింటికీ జవాబున్న విద్య నిన్న మొన్నటిదైనా సంప్రదాయమే. జవాబు లేని విద్య వేల ఏళ్లదైనా ఉత్త పాత వస్తువు.

వయసు లెక్క ఎంత బలహీనమో చూడాలంటే మన ఊళ్లలో పిల్లలు తెల్లబట్టలు కట్టి నేర్చుకునే విద్యల్నే చూడండి. ప్రాచీన జపాను విద్యగా పేరుపడ్డ జూడోని జిగొరో కానో అనే చదువుకున్న మనిషి 1882లో పాత మల్లబంధాల్ని ఏరి, ప్రమాదకరమైనవి పక్కనపెట్టి, బడిపిల్లల వ్యాయామానికి పనికొచ్చేలా కూర్చాడు. ఒకినావా దీవి నుంచి ఫునాకోషి అనే గురువు కరాటేని టోక్యోకి తెచ్చి చూపించింది 1922లో. అప్పట్లో ఆ పేరుని ‘చైనా చెయ్యి’ అనే అర్థమిచ్చే అక్షరాలతో రాసేవారు, 1930లలో ‘వట్టి చెయ్యి’ అనే అర్థానికి మార్చారు. టైక్వాండో అన్న పేరు పుట్టింది 1955లో. కేరళ కలరిపయట్టు సంగతి ఇంకోలా ఉంటుంది. పళశ్శిరాజా తిరుగుబాటు తరువాత మలబారులో ఆయుధాలు పట్టడాన్ని ఈస్టిండియా కంపెనీ అణగదొక్కితే, 1920లలో తలశ్శేరి వైపు కొట్టక్కల్ కణారన్ గురుక్కళ్ లాంటివాళ్లు చెదిరిపోయిన ముక్కల్ని మళ్లీ కూర్చి నిలబెట్టారు. మన కోస్తా జిల్లాల్లో సాముగరిడీలు నేర్పే చోటుని తాలింఖానా అన్నారు. సాము తెలుగు, ఖానా పారసీ, ఆ రెండూ ఒకే మట్టిలో దొర్లాయి. వీటిలో దేన్నీ నేను తక్కువ చేయడం లేదు. పదేపదే దిద్దుకుంటూ వచ్చాయి కాబట్టే బతికాయి. 2022 జూన్‌లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో గత్కా, థాంగ్‌తా, కలరిపయట్టు, మల్లఖంబ, యోగాసనం స్వదేశీ క్రీడలుగా పతకాలకు ఎక్కాయి. వాటికి సంఘాలున్నాయి, నియమావళి ఉంది, న్యాయనిర్ణేతలున్నారు. సంప్రదాయమన్న మాట వాటికి కిరీటమైంది. తూర్పుకనుమల విల్లుకి అదే మాట దిష్టిబొమ్మకి తొడిగిన చొక్కా అయింది. తేడా వయసులో ఉంటే లెక్క తిరగబడాలి కదా. అంతెందుకు, అరకు కాఫీ ఈ కొండలకి తెల్లవాళ్ల హయాంలో వచ్చిన మొక్క. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుని ఈ నేల పేరుతోనే చలామణి అవుతోంది. దాన్ని ఎవరూ పాతకాలపు పంట అనరు, కొత్తదనీ తీసేయరు. పండించే చేతులు ఇక్కడివి, అది చాలింది.

విల్లు విషయంలో ప్రభుత్వం దగ్గరే రెండు నాలుకలున్నాయి. 1878 నాటి ఆయుధాల చట్టం ఆయుధమంటే ఏమిటో చెబుతూ తుపాకులు, కత్తులు, బల్లేలు, ఫిరంగులతో పాటు ఒకే వాక్యంలో విల్లంబుల్నీ చేర్చింది. కొండవాడి చేతిలో ఉన్నది ఆటబొమ్మ కాదని తెల్లదొరలకి తెలుసు. స్వతంత్రం వచ్చాక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ‘ఆయుధం’ నిర్వచనంలో విల్లంబుల పేరు విడిగా రాసింది. అంటే అడవిలో పట్టుబడితే విల్లు ఆయుధం, వేదిక మీద పట్టుకుంటే అలంకారం. కేసు రాసేటప్పుడు దానికి సత్తువ ఉందని ఒప్పుకుంటాం, సన్మానం చేసేటప్పుడు దానికి సత్తువ లేదని నవ్వుకుంటాం. పాతబడిన వస్తువుని నిషేధించవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ రాదు, ఎద్దుబండికి వేగపరిమితి పెట్టనట్టే.

ఇక జిల్లాకి పేరిచ్చిన మనిషి. సీతారామరాజు విగ్రహాల్లో ఎక్కువ వాటికి చేతిలో విల్లు, వీపున అంబులపొది ఉంటాయి. ఆ బొమ్మ మన కళ్లలో ఎంత ముద్రపడిందంటే, ఆయన ఉద్యమం మొదటి మూడు రోజులూ దేనికోసం జరిగాయో గుర్తుచేయవలసి వస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు పోలీసుస్టేషన్ల మీదా పడింది తుపాకుల కోసం. మూడింటా కలిపి 26 తుపాకులు, వాటి తూటాలు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పడిపోయింది కూడా తుపాకి దెబ్బకే. 1922లో టోక్యో జనం కరాటేని మొదటిసారి కళ్లజూస్తున్న రోజుల్లోనే ఈ కొండల్లో చిన్నప్పటి నుంచీ విల్లు పట్టిన మనుషులు విల్లుని పక్కనపెట్టి తుపాకి అందుకున్నారు. దీన్ని చూసి ‘చూశారా, విల్లు పాతబడిందని వాళ్లే ఒప్పుకున్నారు’ అని ఎవరైనా అనవచ్చు. యుద్ధానికి పాతబడిందన్నంత వరకూ నేనూ ఒప్పుకుంటాను. త్రీనాట్‌త్రీ రైఫిలు ముందు వెదురు బద్ద నిలవదు, ఆ సంగతి రాజు అనుచరుడు గాం గంటం దొరకి మనకన్నా బాగా తెలుసు. కానీ దామనపల్లిలో జరిగింది ఇంకాస్త దగ్గరగా చూడండి. ముందు నడిచే దళం ఆ ఇరుకుదారిలోంచి పోతుంటే మాటున ఉన్నవాళ్లు కదల్లేదు. వాళ్లని పోనిచ్చి, వెనక వస్తున్న దొరలు సూటిలోకి వచ్చాకే కాల్చారు. ఊపిరి బిగబట్టి కూచోవడం, ముందొచ్చిన జంతువుని వదిలి కావలసినదాని కోసం ఆగడం, ఏ వంపులో దారి సన్నబడుతుందో, ఏ గాలికి చప్పుడు ఎటు పోతుందో తెలియడం పోలీసు పెరేడులో నేర్పే విషయాలు కావు. నా అంచనాలో ఆ రోజు పేలింది తుపాకే అయినా, పనిచేసింది తరాల వేట నేర్పిన విద్య. పనిముట్టు మారింది, తీర్పు మారలేదు. ఆ తీర్పునే నేను సంప్రదాయం అంటున్నాను. మనం మాత్రం వాళ్లు కింద పెట్టిన పనిముట్టుని ఎత్తి విగ్రహం చేతిలో పెట్టి, వాళ్లు వదలని విద్యకి పేరు కూడా పెట్టలేదు. లంబసింగి దగ్గర తాజంగిలో తలపెట్టిన గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియంలోనైనా ఈ సంగతికి ఒక గోడ కేటాయించండి.

పనిముట్టు సంగతికే వస్తే, అది కూడా మనం అనుకున్నంత మొరటుది కాదు. చరిత్ర పుస్తకాల్లో గొప్ప విల్లులంటే తురుష్కుల, మొగలుల జోడింపు విల్లులు. కొమ్ము, కర్ర, నరాలు పొరలుగా పేర్చి జంతువుల జిగురుతో అతికినవి. పొడినేలల మీద, గుర్రం మీద వాటికి సాటిలేదు. కానీ చెమ్మ తగిలితే ఆ జిగురు మెత్తబడుతుంది, నరాలు ఉబ్బుతాయి. భారతదేశంలో ఉక్కు విల్లులు తయారవడానికి ఒక కారణం ఈ వాతావరణమే. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు వీడని అనంతగిరి వాలుల్లో అలాంటి విల్లు ఎక్కువ కాలం నిలవదు. ఇక్కడ, మధ్యభారతపు అడవుల్లో విల్లు ఒకే బద్దతో ఉంటుంది, నారి కూడా చాలాచోట్ల వెదురుదే. వెదురు గడని చీల్చి చూస్తే పైపెచ్చు దగ్గర నారలు చిక్కగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి. ఆ పైపెచ్చు నుంచి తీసిన సన్నటి పేడు తడిసినా అంతగా సాగదు, ఎండినా అంతగా ముడుచుకోదు. తెగితే పది అడుగుల్లో ఇంకో పొద ఉంటుంది. అడవిలో చూపు ఆనేదే ముప్పై అడుగులో నలభై అడుగులో అయినప్పుడు మూడు వందల గజాలు విసిరే విల్లు ఎందుకు? పొదల మధ్య తిరగడానికి, చటుక్కున ఎక్కుపెట్టడానికి వీలుండాలి. పిట్టలకి మొద్దు మొన, జంతువులకి కొలిమిలో సాగగొట్టిన ఇనుప ములికి. ఏ కర్ర ఏ నెలలో నరకాలి, ఎన్నాళ్లు నీడన ఆరబెట్టాలి అన్న ప్రతి చిన్న సంగతి వెనకా ఎవరో చేసిన తప్పు, ఎవరో దిద్దిన దిద్దుబాటు ఉన్నాయి. ప్రయోగశాలలో ఈ పని చేస్తే పరిశోధన అంటాం. చెట్టు కింద చేస్తే పాతకాలం అంటాం.

‘ఇదంతా వేట. వేట వేరు, యుద్ధవిద్య వేరు. దీనికి గురుపరంపర ఏది? గ్రంథం ఏది? పరీక్ష ఏది?’ అని అడిగేవాళ్లున్నారు. గ్రంథమే కావాలంటే అగ్నిపురాణంలో ధనుర్వేదానికి నాలుగు అధ్యాయాలున్నాయి. ఆ అధ్యాయాలు చదివి విల్లు పట్టినవాడు ఈ రోజుల్లో నాకు తెలిసి ఎవడూ లేడు. చదవకుండానే పట్టినవాళ్లు ఈ కొండల్లో ఉన్నారు. వీటిలో ఏది బతికున్న సంప్రదాయమో వేరే చెప్పనక్కర్లేదు. పరీక్ష మాటకొస్తే, చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ ఉంది. విత్తనాలకి పూజ చేసి, మగవాళ్లు జట్లుగా అడవికి పోతారు. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్లని ఆపి పండుగ డబ్బులు వసూలు చేయడం అరకు దారిలో వెళ్లే ప్రయాణికులకి తెలిసిందే. సాయంత్రానికి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఆ ఆడవాళ్లే పేడనీళ్లు, బురద చల్లుతారు. పైకి సరదాగానే ఉంటుంది. కానీ ఏడాదికొకసారి ఊరందరి ముందు, తేదీ ముందే తెలిసి, తప్పితే ఏమవుతుందో తెలిసి జరిగేదాన్ని పరీక్ష అనకపోతే ఏమంటాం? నల్లబెల్టు పరీక్షలో తప్పినవాడికి ఫీజు పోతుంది. ఇక్కడ పరువు పోతుంది, అదీ పరీక్షకులు విల్లు పట్టని ఆడవాళ్లు. విద్యని దాని బయట నిలబడ్డవాళ్లు కొలిచే ఈ పద్ధతిలో ఉన్న వివేకం చాలా సమాఖ్యలకి లేదు.

దీనికి మీ దగ్గర సిద్ధంగా ఉండే అభ్యంతరం చట్టం. వేట నేరం. అడవిలో జంతువులూ మిగల్లేదు. వేటని ఊరేగించి పిల్లలకి నేర్పమంటారా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. వేటకి మినహాయింపు అడగడం నా ఉద్దేశం కాదు. కొండగొర్రె, అడవిపంది, కుందేలు మిగలకపోతే ఇటుకల పండుగకే అర్థం మిగలదని అక్కడివాళ్లకి తెలుసు. కానీ ఒక ఉపయోగాన్ని చట్టం ఆపినంత మాత్రాన విద్య ఆగిపోనక్కర్లేదు. కత్తియుద్ధంలో ఎవరూ ఎవర్నీ చంపకపోయినా ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఉంది. మనుషుల్ని చంపే మెళకువల్ని తీసేసి జూడో తయారైనట్టే, జంతువుని చంపడం తీసేసి వేటలోని మిగతా విద్యని ఉంచడం సాధ్యమే. ఒక్కటే షరతు. ఆ మార్పు ఎలా ఉండాలో కానో తన విద్యకి తానే తేల్చుకున్నాడు. ఇక్కడ కూడా విల్లు పట్టే ఊళ్లే తేల్చుకోవాలి. గడ్డిబొమ్మకి కొట్టాలా, దొర్లే గుమ్మడికాయకి కొట్టాలా, పేడనీళ్లు ఉండాలా వద్దా అన్నది అమరావతిలో రాసే మార్గదర్శకాల్లో తేలే విషయం కాదు.

క్రీడల వైపు నుంచి వచ్చే వాదన ఇంకొకటుంది. గిరిజనులు పుట్టు విలుకాళ్లు, వాళ్లకి ఆధునిక విల్లులిస్తే పతకాలే పతకాలు అని. ఇది పొగడ్తలా వినిపించే చిన్నచూపు. పుట్టుకతో వచ్చిందంటే కష్టపడి నేర్చుకోలేదని అర్థం. రాజస్థాన్ కొండల్లో వెదురు విల్లుతో పెరిగిన లింబారామ్‌ని 1980లలో స్పోర్ట్స్ అథారిటీ వెతికి పట్టుకుంది. ఆయన మూడు ఒలింపిక్స్ ఆడాడు, 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. గొప్ప విజయం. అయినా జరిగింది జాగ్రత్తగా చూస్తే, వ్యవస్థ కొండ నుంచి మనిషిని తీసుకుంది గాని విద్యని తీసుకోలేదు. ఆయన విల్లు, ఆయన పట్టు, ఆయన గురి అన్నీ మొదటినుంచి మార్చేశారు. ఒలింపిక్ రికర్వ్‌కి దూరం 70 మీటర్లు, కాంపౌండ్‌కి 50. నేల చదును, గురి కదలదు, దూరం ముందే తెలుసు. అది వేరే విద్య, దాని కష్టం దానిది. మన రాష్ట్రం నుంచి ఆ విద్యలో శిఖరానికి వెళ్లినవాళ్లు విజయవాడ పిల్లలు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ జట్టుతో నాలుగో స్థానం దాకా వెళ్లిన ధీరజ్ కృష్ణా ఒడ్డువాళ్లు. విలువిద్య రక్తంలో ఉండదని, మైదానం, గురువు, రోజూ సాధన ఉన్నచోట ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం వద్దు. కొండ విల్లుకి కూడా అదే సూత్రం. అక్కడా మైదానం ఉంది, అది ఏటవాలుగా ఉంది, అంతే.

తమాషా ఏమిటంటే, ప్రపంచ ఆర్చరీ సమాఖ్య నడిపే ఫీల్డ్ ఆర్చరీ అనే పోటీలో ఆటగాళ్లు అడవిదారుల్లో నడుస్తూ, ఎత్తుకీ పల్లానికీ కొడుతూ, కొన్ని గురుల దూరం ఎంతో చెప్పకుండానే కంటితో అంచనా వేసుకుని బాణం వేయాలి. మనం పాతకాలమని పక్కనపెట్టిన నేర్పునే అక్కడ ఆధునిక క్రీడగా కొలిచి పతకాలిస్తున్నారు. జాతీయ పోటీల్లో వెదురు విల్లుకి ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉన్నమాట నిజమే. అక్కడ కూడా 30, 50 మీటర్ల గీతలే. వెదుర్ని ఉంచి అడవిని తీసేశారు. ఏకలవ్యుడి బొటనవేలి కథకీ ఇలాంటి మెలికే ఉంది. పశ్చిమాసియా నుంచి మంగోలియా దాకా గుర్రపు విలుకాళ్లు నారిని బొటనవేలితోనే లాగేవారు. ఇవాళ ఒలింపిక్ వేదిక మీద ఎవరి చెయ్యైనా చూడండి, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు నారి మీద ఉంటాయి, బొటనవేలు ఊరికే పక్కన ముడిచి ఉంటుంది. ద్రోణుడు అడిగింది అప్పటి ఆధునిక పద్ధతికి కీలకమైన వేలు అనుకుంటే, ఆధునికమే ఆ వేలిని వదిలేసి ఏకలవ్యుడి వైపు వచ్చేసింది. ‘ఆధునికం’, ‘పాత’ అన్న మాటలు ఇలా చోటు మార్చుకుంటూ ఉంటాయి. 1969లో పేటెంటు వచ్చిన కాంపౌండ్ విల్లు ఒలింపిక్స్‌కి కొత్త మనిషిగా అడుగుపెట్టబోతున్నది 2028లో. అప్పటికి దాని వయసు 59.

చివరి అభ్యంతరం స్వచ్ఛతావాదులది. నారికి నైలాన్ తాడు కట్టినా, ములికిని లారీ స్ప్రింగు ముక్కతో కొట్టినా అది సంప్రదాయం కాకుండా పోతుందని వాళ్ల బెంగ. ఉత్సవాలకి వచ్చే పర్యాటకుల కోసం ఈకలు కుట్టి రంగులు పూసిన విల్లు మాత్రం వాళ్లకి సంప్రదాయంగానే కనిపిస్తుంది. నా లెక్క తిరగేసి ఉంటుంది. విల్లు చేసేవాడు తన అవసరానికి నైలాన్ ఎంచుకుంటే అది ఈ విద్యలో ఇంకో దిద్దుబాటు. 26 తుపాకుల దిద్దుబాటు లాంటిదే. ఇంకెవరి కంటి కోసమో కట్టిన ఈక మాత్రం విద్యకి తగిలించిన అబద్ధం. మరి నేర్చుకునే పిల్లలే లేకపోతే? విల్లు ఇంటి దూలం మీద బూజుపట్టి, మనవడు హాస్టల్లో కరాటే నేర్చుకుంటుంటే? అప్పుడు అది పాతదే అవుతుంది, ఆ మాట నేనూ వాడతాను. దాన్ని తేల్చడానికి మాటలు చాలవు, లెక్క కావాలి. కాఫీ తోటలు ఎన్ని ఎకరాలో, గింజ ఎంత దిగిందో లెక్క తీయగలిగిన యంత్రాంగం మీది. విల్లు చేయగలిగినవాళ్లు, ములికి కొట్టగలిగిన కమ్మరులు, గురి నేర్పగలిగినవాళ్లు, నేర్చుకుంటున్న పిల్లలు ఏ మండలంలో ఎందరున్నారో అలాంటి లెక్క ఉంటే బయటపెట్టండి. లేకపోతే గ్రామ సచివాలయాల ద్వారా తీయించండి. డుంబ్రిగుడలో ఒక జవాబు, ముంచంగిపుట్టులో ఇంకో జవాబు రావచ్చు. రానివ్వండి.

ఆ లెక్క వచ్చాక నేను అడిగేవి పెద్ద ఖర్చు పనులు కావు. ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య పాఠశాలల్లో ఆర్చరీ నేర్పేచోట ఊరి విలుకాడిని కోచ్ పక్కన కూచోబెట్టి కోచ్‌కిచ్చినట్టే జీతమివ్వండి, డిగ్రీ అడగకండి. ఇండియన్ రౌండ్‌తో పాటు వాలు మీద, దూరం చెప్పని గురులకి ఒక పోటీ పెట్టండి, దాని నియమాలు ఆ ఊళ్ల పెద్దలు, ఆడవాళ్లు కలిసి రాయనివ్వండి. మ్యూజియంలో విల్లు కింద ‘గిరిజనుల సంప్రదాయ ఆయుధం’ అని రాయడం మాని, చేసినవాళ్ల పేరు, ఊరు, కర్ర పేరు రాయండి. వాళ్లు ఒప్పుకుంటేనే. ఆ విల్లు నారి బిగించి గోడకి వేలాడుతుంటే ముందు నారి దింపించండి, ఏళ్ల తరబడి అలా ఉంటే బద్దలో బలం చచ్చిపోతుంది.

వచ్చే ఆగస్టు 9న అతిథి చేతికి విల్లు ఇచ్చేటప్పుడు అమ్ము కూడా ఇవ్వండి. వేదిక ఎదురుగా ముప్పై అడుగుల్లో ఒక గడ్డిమోపు పెట్టించండి. విల్లు చేసిన మనిషిని పక్కన నిలబెట్టండి. అతిథి గురి తప్పితే పేడనీళ్లు చల్లాలా వద్దా అన్నది ఆ ఊరి ఆడవాళ్లకి వదిలేయండి.